టీటీ (టెంపో ట్రావెలర్) ఇంజన్ పని అయిపోయింది: బోర్ చేయించాలా, ఎక్స్ఛేంజ్ ఇంజన్ ఎక్కించాలా?

పలమనేరు బాడుగ | 2025 అక్టోబరు 19, రాత్రి 10:42

అన్నలందరికీ నమస్కారం. బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాను. ఒకటే బండి, ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. 2018 మోడల్ పన్నెండు సీట్ల టీటీ, బీఎస్4 డీజిల్, మీటరు 4,83,000 చూపిస్తోంది.

మొన్న తిరుపతి బాడుగ పోయాను. పోయేటప్పుడు దిగుడే కాబట్టి ఏమీ తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కుతుంటే రెండో గేరులో కూడా బండి ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకాల లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. అద్దంలో చూస్తే సాంబ్రాణి వేసినట్టు నీలం పొగ. ఇల్లు చేరి డిప్‌స్టిక్ తీస్తే కింది గీత దగ్గర కూడా తడి లేదు. లీటరున్నర పోశాను. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ మూత తిప్పితే బుస్సుబుస్సుమని పొగ కొడుతోంది. మూత ఊరికే పైన పెడితే గంతులు వేస్తోంది.

ఒకటి దాచకూడదు. మార్చిలో ముళబాగిలు దగ్గర రేడియేటర్ హోస్ పగిలింది. బండి నిండా జనం, పక్కకు తీసి ఆపేలోపు వేడి చూపించే సూది ఎర్రగీత దాటేసింది. హోస్ మార్చుకుని నడిపేశాను. ఆయిల్ తాగడం అప్పటినుంచే.

మా మేస్త్రీ మూడు దార్లు చెప్పాడు. బోర్ చేయించి (అరిగిన సిలిండర్లను కోయించి కొంచెం పెద్దవి చేయించి), క్రాంక్ గ్రైండింగ్ పట్టించి మొత్తం ఓవర్‌హాల్ అయితే లక్షా పది వేలు, పన్నెండు రోజులు. గుజిరీ ఇంజన్ (పాత బండి నుంచి ఊడదీసి అమ్మేది) అయితే తొంభై వేలు, మూడు రోజులు. మన పాత ఇంజన్ ఇచ్చేసి, ఫ్యాక్టరీలో తిరిగి తయారు చేసిన ఎక్స్ఛేంజ్ ఇంజన్ తెచ్చుకుంటే రెండు లక్షల పది వేలు, దాని మీద నలభై వేలు డిపాజిట్.

నవంబరు 17కి అయ్యప్ప సీజన్ మొదలు. పదకొండు ట్రిప్పులకు అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రేపు పొద్దున్నే హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పుతానంటున్నాడు. విప్పమనేదా?

రిటైర్డ్ సూపర్‌వైజర్ | అక్టోబరు 19, రాత్రి 11:15

వద్దు తమ్ముడూ. హెడ్ మీద చెయ్యి వెయ్యనివ్వకు.

ఎక్స్ఛేంజ్ ఇచ్చేవాళ్లు విప్పని ఇంజన్ అడుగుతారు. బోల్టులు గోనెసంచిలో వేసుకుని వెళితే డిపాజిట్ కోసేస్తారు. అదొకటి. అసలు నీ జబ్బు పిస్టన్ రింగులదేనని ఇంకా తేలలేదు, అది రెండోది.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. రింగుల దగ్గర నుంచి రావచ్చు, వాల్వ్ సీళ్ల నుంచి రావచ్చు, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో సీలు నుంచీ రావచ్చు. ఆయిల్ మూత దగ్గర పొగ కొడుతోందని రాశావు, అంటే బ్యాక్ కంప్రెషన్, కాబట్టి నా అనుమానం కూడా రింగుల మీదే. కానీ టర్బో బాగా అరిగినా క్రాంక్‌కేసులోకి గాలి తోస్తుంది. ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) పోయే పైపు ఊడదీసి లోపల వేలు పెట్టి చూడు. జిడ్డు పలచగా ఉంటే మామూలే. ఆయిల్ గుంట కట్టి ఉంటే టర్బో సంగతి చూడాలి.

తర్వాత ఇంజెక్టర్లు తీయించి కంప్రెషన్ కొట్టించు. ఏ సిలిండర్ పడిపోయిందో తెలిశాక, దానికి గాలి ఎక్కించి లీక్ పరీక్ష. ఇది చెవితో చేసే పరీక్ష. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, బోరు. సైలెన్సర్ వైపు వినిపిస్తే వాల్వులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్ కానీ, హెడ్ పగులు కానీ. గంట పని. ఈ గంట పని చేయకుండా రెండు లక్షల మాట మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హొసకోట మామ | అక్టోబరు 20, ఉదయం 6:30

ఇంత చదువు ఎందుకు స్వామీ. శివాజీనగర్ పోతే వరసగా ఇంజన్లు పేర్చి ఉంటాయి. స్టార్ట్ చేసి చూపిస్తారు, నచ్చింది తెచ్చుకుంటావు, మూడో రోజు రోడ్డు మీద ఉంటావు. నేను రెండుసార్లు తెచ్చాను. ఒకటి బ్రహ్మాండంగా తిరిగింది.

ఈకో అక్క | అక్టోబరు 20, ఉదయం 7:05

మామా, రెండోది ఏమైంది?

హొసకోట మామ | అక్టోబరు 20, ఉదయం 7:09

అది వేరే కథ.

ఈకో అక్క | అక్టోబరు 20, ఉదయం 7:48

ఆ వేరే కథ నాకు తెలుసు, నాదీ అదే. మారతహళ్లిలో టిఫిన్ల సప్లై చేస్తాను. నాది ఈకో, 1196 సీసీ పెట్రోల్, కమర్షియల్ బోర్డు. మూడేళ్ల కింద గుజిరీ ఇంజన్ వేయించాను. ఇంజన్‌కి వంక పెట్టను, ఈరోజుకీ బాగానే తిరుగుతోంది. ఏడిపించింది కాగితం. అమ్మినవాడు ఇచ్చింది ఒక తెల్ల చీటీ, దాని మీద ‘ఇంజన్ 1’ అని రాసి సంతకం. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పోతే ఇన్‌స్పెక్టర్ సీటు ఎత్తించి టార్చి వేసి నంబరు చదివాడు. ఆర్సీలో ఉన్నది వేరు, ఇంజన్ బ్లాకు మీద ఉన్నది వేరు. ఈ ఇంజన్ ఏ బండిది, ఆ బండి ఏమైంది, దొంగ సరుకు కాదని రుజువేది అన్నాడు. నా దగ్గర ఏముంది, చీటీ. రెండు నెలలు బండి ఇంటి ముందు నిలబడింది. పొద్దున్నే ఇడ్లీ డబ్బాలు ఆటోలో పంపాను, ఆటో బాడుగకే లాభం పోయింది.

తమ్ముడూ, గుజిరీ అయితే ఆ ఇంజన్ వచ్చిన బండి ఆర్సీ నకలు, స్క్రాప్ కాగితం, బిల్లు మూడూ చేతిలో పడ్డాకే డబ్బు ఇవ్వు. అవి ఇవ్వనంటే వెనక్కి తిరిగి రా.

పీణ్యా లేతు | అక్టోబరు 20, మధ్యాహ్నం 1:20

భోజనానికి కూర్చుని చూశాను. పీణ్యాలో లేతు షాపు నాది, బోరింగ్, హోనింగ్, క్రాంక్ గ్రైండింగ్ అన్నీ చేస్తాం. నా వ్యాపారానికి నష్టమే అయినా ఉన్నమాట చెబుతాను.

బోర్ చేయడం పెద్ద విద్య కాదు. బోర్ గేజితో పైన, మధ్యన, కింద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలుస్తాం. పైభాగంలో అరుగుదల ఎక్కువ, కింద తక్కువ. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అరుగుదలను బట్టి 0.25 గానీ 0.50 గానీ మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు తెప్పించి, ఆ పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టు బోరు పెంచుతాం. పిస్టన్ రాకముందే బోరు పెంచేవాడి దగ్గరికి పోవద్దు. హోనింగ్ (బోరు గోడకు రాయితో చివరి మెరుగు) అయ్యాక బోరు గోడ మీద కత్తిరి వేసినట్టు అడ్డగీతలు కనపడాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా మెరిస్తే మురిసిపోకండి, రింగులు కూర్చోవు.

అయితే నీ ఇంజన్ వేడెక్కింది. అక్కడే నాకు భయం. వేడెక్కిన ఇంజన్‌లో హెడ్ వంగుతుంది, రెండు వాల్వుల మధ్య సన్నగా పగులుతుంది, బ్లాకు పైముఖం కూడా అటూ ఇటూ అవుతుంది. ఇవన్నీ విప్పి, కడిగి, కొలిచాకే తెలుస్తాయి. కాబట్టి మీ మేస్త్రీ చెప్పిన లక్షా పది వేలు, పన్నెండు రోజులు అనేది ఏ చెడ్డ వార్తా రాకపోతే. హెడ్ పోయిందని తేలితే ఆ లెక్క అక్కడితో సరి. సీజన్ ముందు మా దగ్గర క్రాంకులు వరసలో పడుకుని ఉంటాయి. పన్నెండు అంటే ఇరవై అనుకో.

పలమనేరు బాడుగ | అక్టోబరు 21, రాత్రి 9:10

సూపర్‌వైజర్ అన్న చెప్పినట్టే చేయించాను. మా మేస్త్రీ మొదట మూతి ముడుచుకున్నాడు, తర్వాత ఆయనే ఉత్సాహంగా చేశాడు.

కంప్రెషన్: ఒకటోది 26, రెండోది 15, మూడోది 25, నాలుగోది 24 బార్.

రెండోదానికి గాలి పట్టిస్తే డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఈల వేసినట్టు వచ్చింది. ఆయిల్ మూత దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగిలింది. రేడియేటర్‌లో బుడగల్లేవు, సైలెన్సర్ వైపు చప్పుడు లేదు. ఇంటర్‌కూలర్ పైపులో మాత్రం ఆయిల్ బాగానే ఉంది, పైపు వంచితే టీ గ్లాసులో సగం పడింది.

రిటైర్డ్ సూపర్‌వైజర్ | అక్టోబరు 21, రాత్రి 9:52

రెండో సిలిండర్ రింగులు గానీ, పిస్టన్‌లో రింగు గాడి గానీ పోయింది. బోరు మీద గీతలు పడి ఉండొచ్చు. అనుమానం తీరింది, ఇంజన్ దించాల్సిందే.

ఆ టీ గ్లాసు ఆయిల్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకు. కొత్త ఇంజన్ ఎక్కించే ముందు ఇంటర్‌కూలర్ దించి, లోపల కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. లేదంటే ఆ ఆయిల్‌ను ఇంజన్ గాలితోపాటు లాక్కుని దాన్నే ఇంధనంగా కాలుస్తుంది. తాళం తీసినా ఆగదు, అరుస్తూ పైకి పోతూనే ఉంటుంది. నేను సర్వీసులో ఒక్కసారి చూశాను. గాలి దారి మూసి చంపాం. ఆ రోజు పక్కన నిలబడ్డవాళ్లెవరూ మధ్యాహ్నం అన్నం తినలేదు.

నాలుగు బండ్లు | అక్టోబరు 22, ఉదయం 8:30

నాకు టీటీలు నాలుగు. ఎక్స్ఛేంజ్ ఇంజన్లు ఇప్పటికి రెండు వేయించాను. ఒకటి లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు దాటి పోతూనే ఉంది. రెండోది తొమ్మిది వేలకే బేరింగులు కొట్టింది. రెండూ ఒకే చోట తెచ్చినవే. అందుకే నా మాట కొంచెం ఓపిగ్గా చదువు.

తొమ్మిది వేలకే పోయినప్పుడు నేను వాళ్ల మీదికి గొడవకు పోయాను. వాళ్ల మనిషి వచ్చి ఇంజన్ చూశాడు, మాటకు మాట అనలేదు. ఆయిల్ కూలర్ విప్పి తెల్లగుడ్డ మీద దులిపాడు. నల్లటి జిడ్డులో ఇత్తడి రంగు రవ్వలు మిలమిలా మెరిశాయి. అది నా పాత ఇంజన్ బేరింగుల పొడి. పాత ఇంజన్ కొట్టినప్పుడు ఆ పొడి కూలర్ సందుల్లో పోయి కూర్చుంది. మేము ఆ కూలరే డీజిల్‌తో కడిగి కొత్త ఇంజన్‌కి బిగించాం. కొత్త ఆయిల్ పోయగానే ఆ పొడి మెల్లగా ఊడివచ్చి కొత్త బేరింగుల్లోకి పోయింది. వారంటీ ఇవ్వలేదు. తప్పు నాదే, ఏం మాట్లాడగలను.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఆయిల్ కూలర్ కొత్తది. టర్బోకి ఆయిల్ పోయే సన్న గొట్టం కొత్తది. టర్బో విప్పి చూపించి, షాఫ్ట్ ఆట ఎక్కువ ఉంటే అదీ మార్పు. రేడియేటర్ పై ట్యాంకు ఊడదీసి రాడ్డింగ్, అంటే గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం. థర్మోస్టాట్, వాటర్ పంపు, హోసులు అన్నీ కొత్తవి. క్లచ్ ప్లేటు సగం అరిగి ఉన్నా ఇప్పుడే మార్చాలి, దానికోసం మళ్లీ గేర్‌బాక్సు దించడమంటే రెట్టింపు కూలి. ఇంజన్‌కి రెండు లక్షలు ఇచ్చి వీటి దగ్గర ముప్పై వేలకు చూసుకునేవాడు ఎక్స్ఛేంజ్ ఇంజన్ జోలికి పోకుండా ఉంటేనే మేలు.

ఇంకొకటి. మొత్తం ఇంజన్ ఇస్తున్నారా, హాఫ్ ఇంజన్ ఇస్తున్నారా అడుగు. హాఫ్ అంటే బ్లాకు, క్రాంకు, పిస్టన్లు మాత్రమే. హెడ్ నీదే ఎక్కించాలి. వేడెక్కిన నీ హెడ్‌ను దాని మీద పెట్టుకుంటే చేసిందంతా వృథా.

పీణ్యా లేతు | అక్టోబరు 22, ఉదయం 9:02

బంగారం లాంటి మాట చెప్పావన్నా. ఎక్స్ఛేంజ్ ఇంజన్‌కీ, మా ఓవర్‌హాల్‌కీ తేడా ఎక్కడంటే, మేము పోయిన దాన్ని బాగుచేస్తాం. వాళ్లు ఇంజన్‌ను బోల్టు బోల్టు విప్పి, మందు నీళ్లలో ఉడకబెట్టి, క్రాంకుకీ బ్లాకుకీ పగుళ్ల పరీక్ష చేసి, ప్రతి ముక్కనూ కొలిచి, కొలతకు రానిదాన్ని అవతల పారేసి, చివర్లో టెస్ట్ బెంచి మీద తిప్పి చూస్తారు. ఆ బెంచి మా దగ్గర లేదు. మాకు టెస్ట్ బెంచి అంటే నీ బండే. టాటా వాళ్ల ప్రోలైఫ్, కమిన్స్ వాళ్ల రీకాన్ ఈ పద్ధతే.

అయితే ‘రీకండిషన్డ్’ అని బోర్డు రాసి, మా దగ్గరే బోర్ చేయించి, పైన వెండి రంగు కొట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ వెండి రంగు డబ్బాలు పక్క షాపులోనే కొంటారు, నేనే చూశాను. కాబట్టి కొలతల కాగితం అడుగు. బోరు స్టాండర్డా, ఓవర్‌సైజా. క్రాంకు ఎంత గ్రైండ్ చేశారు. బెంచి మీద ఆయిల్ ప్రెషరు ఎంత వచ్చింది. కాగితం ఇచ్చేవాడికే డబ్బు.

బ్యాటరీ డౌన్ | అక్టోబరు 22, ఉదయం 9:40

అన్నా, జీఎస్టీ ఎంత వేస్తున్నారు? మా బావ గ్యారేజీలో ఇప్పటికీ 28 శాతం అంటున్నారట.

కాగితాల పులి | అక్టోబరు 22, ఉదయం 10:15

2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్ట్స్ మీద 18 శాతమే. 28 వేస్తే బిల్లు వెనక్కి ఇచ్చేయమను మీ బావని.

అసలు సంగతికి వస్తాను, ఎవరూ అడగలేదు కాబట్టి. ఎక్స్ఛేంజ్ అంటే నీ బ్లాకు పోతుంది, వేరే బ్లాకు వస్తుంది. బ్లాకుతోపాటే నంబరు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 చూసుకో. ముందుగా అనుమతి లేకుండా ఇంజన్ మార్చితే 14 రోజుల్లోపు ఆర్టీవోకి తెలియజేసి, ఆర్సీ కూడా ఇవ్వాలి. నువ్వు ఉండేది కేఆర్ పురం, బండి కేఏ 53 అయితే అక్కడి ఆఫీసే. ఫైనాన్స్ నడుస్తుంటే వాళ్ల అనుమతి పత్రం కూడా పెట్టుకో. ఇంజన్ అమ్మినవాళ్ల జీఎస్టీ బిల్లు మీద కొత్త ఇంజన్ నంబరు అచ్చయి ఉండాలి, పెన్నుతో రాసింది పనికిరాదు. ఆర్సీ మారాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీలో నంబరు మార్పించు. అది మరిచిపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర వాళ్లకి దొరికే మొదటి సాకు అదే.

పాత నంబరే కొత్త బ్లాకు మీద గుద్దిస్తాం, ఎవరికీ తెలియదు అని ఎవరైనా అంటారు. అన్నవాడిని అక్కడే వదిలేసి రా. అది కేసు.

నీ బండి ఎనిమిదేళ్లు నిండేవరకు ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, తర్వాత ఏడాదికోసారి. అంటే 2026 నుంచి ప్రతి ఏడూ ఎవరో ఒకరు టార్చి వేసి ఆ నంబరు చదువుతారు.

హొసకోట మామ | అక్టోబరు 22, ఉదయం 10:31

ఇక్కడ అందరూ చేరి పిల్లవాణ్ని భయపెడుతున్నారు.

ఈకో అక్క | అక్టోబరు 22, ఉదయం 10:33

మామా, రెండో ఇంజన్ కథ చెప్పి ఆ తర్వాత మాట్లాడు.

పలమనేరు బాడుగ | అక్టోబరు 24, రాత్రి 8:20

ఎక్స్ఛేంజ్‌కే ఖాయం చేశాను. ఇంటావిడ గాజులు రెండు కుదువ పెట్టాం, ఇక వెనక్కి తగ్గేది లేదు. మొత్తం ఇంజన్, హెడ్‌తో సహా. ఏడాది లేదా యాభై వేల కిలోమీటర్లు వారంటీ, ఏది ముందైతే అది. ఇంజెక్టర్లు, పంపు, టర్బో, డైనమో, స్టార్టరు నావే ఎక్కించాలి. కొలతల కాగితం అడిగితే కౌంటరులో ఉన్న కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి తెచ్చిచ్చాడు. బోరు స్టాండర్డే, కొత్త లైనర్లు వేశారట. క్రాంకు 0.25 గ్రైండ్ చేశారు.

రిటైర్డ్ సూపర్‌వైజర్ | అక్టోబరు 24, రాత్రి 8:45

మంచిది. ఇంజెక్టర్లు నాలుగూ బెంచి మీద పరీక్ష చేయించు. ఒకటి ధారగా కారుతుంటే కొత్త పిస్టన్ నెత్తిన రంధ్రం పడుతుంది. ఏదైనా మార్చితే దాని మీద ఉన్న కోడ్ స్కానర్‌తో ఈసీయూలో (ఇంజన్ కంప్యూటరు) ఎక్కించాలి, ఊరికే బిగిస్తే కుదరదు. తీసేటప్పుడు ఏ సిలిండర్‌ది ఏదో మార్కు పెట్టుకోండి, కలిసిపోతే ఆ కోడ్లూ కలిసిపోతాయి.

పలమనేరు బాడుగ | నవంబరు 1, రాత్రి 11:05

ఇంజన్ వచ్చింది. చెక్క పెట్టెలో, ప్లాస్టిక్ కవరు చుట్టి, రంధ్రాలన్నిటికీ ఎర్ర మూతలు. బ్లాకు పక్కన అల్యూమినియం రేకు మీద కొత్త సీరియల్ నంబరు, తేదీ. మేస్త్రీ ఒక మూత తీసి టార్చి వేసి చూపించాడు. లేతు అన్న చెప్పిన అడ్డగీతలు బోరు గోడ మీద కనపడుతున్నాయి, కొత్తగా గీసిన గళ్ల కాగితంలా. ఫోటో తీద్దామంటే చేతులు వణికి సరిగ్గా రాలేదు.

పాత ఇంజన్ తీసుకెళ్లడానికి వాళ్ల మనిషి వచ్చాడు. చుట్టూ తిరిగి, సుత్తితో అక్కడక్కడ తట్టి, బోల్టులు లెక్కపెట్టి, ఫారం నింపాడు. డిపాజిట్ నలభై వేలలో ముప్పై నాలుగు వేలు తిరిగిస్తారట. ఆరు వేలు ఎందుకు పట్టారంటే ఆయిల్ చాంబరు సొట్ట పడి, డ్రెయిన్ బోల్టు దగ్గర వెల్డింగ్ చేసి ఉందట. ఆ వెల్డింగ్ నేను కొనకముందుదో, కొన్నాక ఎవరు పట్టించారో నాకే తెలియదు.

నాలుగు బండ్లు అన్నా, మీరు అప్పుడు చేసినట్టే మా మేస్త్రీ కూడా పాత ఆయిల్ కూలరే కడిగి వేద్దామన్నాడు. పాత ఆయిల్ ఫిల్టరు కోయించి తెల్లగుడ్డ మీద దులిపించాను. రవ్వలు ఎక్కువ లేవు కానీ ఉన్నాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా పోయి జేసీ రోడ్డులో కొత్త కూలర్ తెచ్చాడు.

నాలుగు బండ్లు | నవంబరు 1, రాత్రి 11:20

శభాష్. స్టార్ట్ చేసే ముందు మాత్రం తొందర పడొద్దు. ఆయిల్ పోయగానే తాళం తిప్పేసేవాళ్లే ఎక్కువ. ఫిల్టరు నింపి బిగించు. టర్బోకి పోయే గొట్టం దగ్గర కొంచెం ఆయిల్ పోయాలి. తర్వాత డీజిల్ పోకుండా ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, పది సెకన్లు స్టార్టరు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్లీ పది సెకన్లు. ఆయిల్ లైటు ఆరిపోయేవరకు అదే పని. ఆరాకే కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయాలి.

పలమనేరు బాడుగ | నవంబరు 3, మధ్యాహ్నం 2:30

ఐదోసారి తిప్పినప్పుడు లైటు ఆరింది. కనెక్టర్లు పెట్టి తిప్పితే ఒక్క పట్టున అందుకుంది. చప్పుడు వింటుంటే నా బండి కాదనిపించింది. ఆయిల్ మూత తీసి పైన పెట్టాను. మూత కదల్లేదు.

పలమనేరు బాడుగ | నవంబరు 5, రాత్రి 10:15

అన్నలారా, కొంప మునిగింది. ఖాళీ బండితో నంది కొండకు పోయాను, రన్నింగ్ ఇన్ (కొత్త ఇంజన్‌ను మెల్లగా అలవాటు చేయడం) అవుతుందని. మెల్లగానే ఎక్కుతున్నాను. సగం దూరంలో సూది మామూలు చోటు నుంచి లేచి ముప్పాతిక దాటింది. భయపడి ఆపేశాను. పది నిమిషాలు ఆగి, దిగి వచ్చేశాను. రేడియేటర్ రాడ్డింగ్ అయింది, థర్మోస్టాట్ కొత్తది, వాటర్ పంపు కొత్తది. నీళ్లు ఎక్కడా కారడం లేదు. హెడ్ వాళ్లు సరిగ్గా చేయలేదా? గాజులు గుర్తొచ్చి నోట మాట రావడం లేదు.

రిటైర్డ్ సూపర్‌వైజర్ | నవంబరు 5, రాత్రి 10:28

ఊపిరి పీల్చుకో. ముందు చెప్పు, చదును రోడ్డు మీద, హైవేలో సూది ఎలా ఉంది?

పలమనేరు బాడుగ | నవంబరు 5, రాత్రి 10:30

దేవనహళ్లి హైవేలో మామూలుగానే ఉంది అన్నా. కదల్లేదు.

రిటైర్డ్ సూపర్‌వైజర్ | నవంబరు 5, రాత్రి 10:41

వేగంగా పోతున్నప్పుడు గాలి దానంతటదే రేడియేటర్‌కు తగులుతుంది. ఘాట్‌లో మెల్లగా ఎక్కేటప్పుడు గాలి లాగాల్సింది ఫ్యాను. రేపు బండి బాగా వేడెక్కనిచ్చి, ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, ఫ్యాను రెక్క చేత్తో తిప్పు. వేడి మీద అది బిగుతుగా, తేనెలో గరిట తిప్పినట్టు తిరగాలి. బొంగరంలా గిర్రున తిరిగితే ఫ్యాను క్లచ్‌లో ఉండే సిలికాన్ ద్రవం కారిపోయిందని అర్థం. ఇంజన్ తిరుగుతున్నా ఫ్యాను బద్ధకంగా తిరుగుతుంది.

పలమనేరు బాడుగ | నవంబరు 6, ఉదయం 9:05

బొంగరమే అన్నా. వేలితో తడితే మూడు చుట్లు తిరిగింది. క్లచ్ మధ్యలో నల్లటి జిడ్డు చార కూడా ఉంది, ఎప్పటిదో.

నాలుగు బండ్లు | నవంబరు 6, ఉదయం 9:20

చూశావా. మార్చిలో హోస్ ఎందుకు పగిలిందనుకున్నావు? ముళబాగిలు ట్రాఫిక్‌లో ఫ్యాను లాగలేదు, నీళ్లు మరిగాయి, పాత హోస్ తట్టుకోలేక పోయింది. నువ్వు హోస్ మార్చావు కానీ అసలు దొంగ బండిలోనే ఉన్నాడు. నా జాబితాలో ఫ్యాను క్లచ్ రాయడం నేనూ మరిచాను, ఆ తప్పు నాది.

పీణ్యా లేతు | నవంబరు 6, ఉదయం 9:44

పాపం ఆ ఇంజన్. లక్ష కిలోమీటర్లు ఇంకా ఉండేదేమో.

పలమనేరు బాడుగ | నవంబరు 9, రాత్రి 9:30

ఫ్యాను క్లచ్ మార్చి మళ్లీ నంది కొండకే పోయాను, ఈసారి మా బావమరిది, వాడి స్నేహితులు తొమ్మిది మందిని కూర్చోబెట్టుకుని. సూది మధ్యగీత దాటలేదు. పైకి వెళ్లి అందరికీ బజ్జీలు కొనిచ్చాను, అదొక ఖర్చు.

కాగితాల పులి అన్నా, ఆర్టీవోలో దరఖాస్తు పెట్టేశాను. స్టార్ట్ చేసిన వారంలోపే. ఇన్‌స్పెక్టర్ బిల్లు మీద నంబరు, బ్లాకు మీద నంబరు సరిచూసి, పెన్సిలు రుద్ది కాగితం మీద అచ్చు తీసుకున్నాడు.

ఈకో అక్క | నవంబరు 9, రాత్రి 9:41

నాకు రెండు నెలలు, నీకు అరపూట. కళ్లు పడతాయి తమ్ముడూ, దిష్టి తీయించుకో.

పలమనేరు బాడుగ | నవంబరు 16, సాయంత్రం 5:50

వెయ్యి కిలోమీటర్లు అయ్యాయి. ఒకే స్పీడులో పోకుండా, న్యూట్రల్‌లో ఊరికే గంటలు గంటలు ఆన్‌లో పెట్టకుండా, లోడు మెల్లగా పెంచుకుంటూ నడిపాను. ఈరోజు ఆయిల్, ఫిల్టరు మార్పించి, పాత ఫిల్టరు మళ్లీ కోయించాను. గుడ్డ మీద సన్నగా బూడిద రంగు పొడి, చిటికెడు కూడా లేదు. రవ్వల్లేవు. ఆయిల్ ఎక్కడా తగ్గలేదు.

రాత్రి రెండున్నరకు మొదటి ట్రిప్పు. హోసూరు, సేలం, దిండిగల్, తేని మీదుగా. కుమిళి ఘాట్ రేపు మధ్యాహ్నానికి తగులుతుంది. స్వాములు పదకొండు మంది, ఇరుముళ్లు, వంట సామాన్లు వేరే.

రిటైర్డ్ సూపర్‌వైజర్ | నవంబరు 16, సాయంత్రం 6:10

ఘాట్‌లో పెద్ద గేరులో ఈడ్చకు, గేరు దించి ఇంజన్‌ను తిరగనివ్వు. పైకి చేరాక వెంటనే ఆపేయకుండా రెండు నిమిషాలు ఆన్‌లో ఉంచు, టర్బో చల్లబడాలి.

హొసకోట మామ | నవంబరు 16, సాయంత్రం 6:25

స్వామియే శరణం అయ్యప్ప. నా రెండో ఇంజన్ సంగతి అడిగారు కదా. కృష్ణగిరి టోల్‌గేటు దగ్గర కనెక్టింగ్ రాడ్ బ్లాకు పగలగొట్టుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు తృప్తేనా అక్కా?

పలమనేరు బాడుగ | నవంబరు 17, మధ్యాహ్నం 3:40

కుమిళి ఎక్కేశాం. సూది మధ్యలోనే ఉంది. టీ తాగుతున్నాం.